పాత జిప్సీ బండి లాగడం లేదా? ఇంజన్ బలం పెంచే ముందు రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

కొండవాలు పొలాలు, మామిడి, జీడిమామిడి తోటలు, సరైన బాట లేని ఊళ్లు ఉన్నచోట కొందరు రైతులు పాత మారుతి జిప్సీని కొని వాడుకుంటున్నారు. ఎరువుల బస్తాలు, పండ్ల పెట్టెలు, స్ప్రేయర్లు, కూలీలను తోట దాకా చేర్చడానికి ఈ బండి పనికొస్తుంది. బరువు తక్కువ, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. అయితే కొన్న కొద్ది రోజులకే చాలామంది ఒకే మాట అంటారు: ‘బండి లాగడం లేదు’.

ఈ మాటతో షెడ్డుకు వెళితే పెద్ద కార్బురేటర్ వేయించమని, హెడ్ కోయించమని, ఏకంగా ఇంజనే మార్చమని సలహాలు వస్తాయి. వీటికి వేలల్లో, కొన్నిసార్లు లక్షల్లో ఖర్చవుతుంది. అంత ఖర్చుపెట్టినా బురదలో, ఎత్తులో బండి తీరు మారకపోవచ్చు. అందుకే ఖర్చు లేని పనితో మొదలుపెట్టి ఒక వరుసలో వెళ్లాలి. ముందు ఇంజన్ పోగొట్టుకున్న బలాన్ని తిరిగి రాబట్టాలి. తర్వాత ఉన్న బలాన్ని గేర్ల ద్వారా చక్రాలకు సరిగా చేర్చాలి. కొత్తగా బలం పెంచే ఆలోచన ఆ తర్వాతే చేయాలి.

మీ బండిలో ఉన్నది ఏ ఇంజన్?

జిప్సీలన్నీ చూడటానికి ఒకేలా ఉన్నా ఇంజన్లు మూడు రకాలు. మూడూ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్లే.

• 1985లో వచ్చిన మొదటి జిప్సీ: 970 సి.సి., సుమారు 45 హార్స్ పవర్, కార్బురేటర్.
• 1996లో వచ్చిన జిప్సీ కింగ్: 1298 సి.సి., సుమారు 60 హార్స్ పవర్, కార్బురేటర్, 8 వాల్వులు.
• 2000 నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ రకం: అదే 1298 సి.సి., 16 వాల్వులు, 80 హార్స్ పవర్.

పాత బండ్లలో ఇంజన్ ఎప్పుడో మారి ఉండవచ్చు. కొనేముందే ఇంజన్ మీద చెక్కిన నంబరు, ఆర్‌సీలో ఉన్న నంబరు ఒకటేనా అని సరిచూసుకోవాలి. తేడా ఉంటే ఆ బండి కొనకపోవడమే మంచిది.

80 హార్స్ పవర్ ఉన్నా ట్రాక్టరులా ఎందుకు లాగదు?

45 హార్స్ పవర్ ట్రాక్టరు నాగలిని లాగుతుంటే, 80 హార్స్ పవర్ జిప్సీ చిన్న ఎత్తుకే ఎందుకు మూలుగుతోందని రైతులు అడుగుతుంటారు. హార్స్ పవర్ అనేది తిప్పే బలం, తిరిగే వేగం కలిసిన లెక్క. ట్రాక్టరు ఇంజన్ నిమిషానికి 2000 చుట్ల దగ్గరే తన పూర్తి సామర్థ్యాన్ని ఇస్తుంది. అప్పుడు దాని తిప్పే బలం 160 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఎంపీఎఫ్ఐ జిప్సీకి గరిష్ఠంగా ఉన్న తిప్పే బలం 103 న్యూటన్ మీటర్లు. అది కూడా 4500 చుట్ల దగ్గర వస్తుంది. 80 హార్స్ పవర్ రావాలంటే 6000 చుట్లు తిరగాలి.

అంటే ఇది వేగంగా తిరిగితేనే పనిచేసే చిన్న ఇంజన్. ట్రాక్టరు అలవాటుతో త్వరత్వరగా పై గేర్లు వేసి, తక్కువ చుట్లలో తొక్కితే ఇది లాగదు. పైగా ట్రాక్టరు బరువు రెండు టన్నుల దాకా ఉంటుంది, టైర్లు పెద్దవి, నేలను గట్టిగా పట్టుకుంటాయి. జిప్సీ బరువు టన్ను చుట్టుపక్కలే. కాబట్టి దుక్కికి, దమ్ముకు, బరువైన ట్రాలీకి జిప్సీని వాడకూడదు. అలా వాడితే క్లచ్, గేరుబాక్సు, యాక్సిల్ పాడవుతాయి.

చక్రం ఒకేచోట గిర్రున తిరుగుతూ బండి కదలకపోతే ఇంజన్‌లో బలం ఉన్నట్టే. అక్కడ తక్కువైంది నేల మీద పట్టు. ఆ పరిస్థితిలో ఎక్సలేటర్ తొక్కే కొద్దీ గొయ్యి లోతవుతుంది. టైర్ల గాలి మామూలు కంటే నాలుగో వంతు తగ్గించి, చక్రాల కింద కొమ్మలో, పలకలో, రాళ్లో వేసి మెల్లగా కదిలించాలి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి నింపుకోవాలి.

ఇంజన్ విప్పక ముందు చూడాల్సినవి

1. ఎక్సలేటర్ వైరు: ఇంజన్ ఆపి, ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని చెప్పి, మీరు బానెట్ ఎత్తి చూడండి. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి. వైరు సాగిపోయినా, పెడల్ కింద మ్యాట్ అడ్డుపడినా సగమే తెరుచుకుంటుంది. కార్బురేటర్ అయితే చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో కూడా చూడాలి.

2. క్లచ్: ఎత్తులో తొక్కినప్పుడు ఇంజన్ చప్పుడు పెరిగి, బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. కాలిన వాసన కూడా వస్తుంది. క్లచ్ జారే బండికి ఇంజన్ బలం పెంచితే క్లచ్ ఇంకా త్వరగా పోతుంది.

3. బ్రేకులు: చదునైన చోట బండిని న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు తోస్తే తేలిగ్గా కదలాలి. కదలకపోతే చక్రాలను ఒక్కొక్కటిగా జాకీతో ఎత్తి చేత్తో తిప్పి చూడాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టడం మరవకూడదు. బురదలో, నీళ్లలో తిరిగే బండ్లకు బ్రేకు సిలిండర్లు పట్టేయడం మామూలే.

4. టైర్ల సైజు: పెద్ద టైర్లు వేస్తే బండి ఎత్తుగా, అందంగా కనిపిస్తుంది. కానీ 27 అంగుళాల టైరు తీసి 30 అంగుళాలది వేస్తే చక్రం దగ్గర లాగే బలం 10 శాతం తగ్గుతుంది. బ్రేకుల మీదా భారం పెరుగుతుంది. కంపెనీ సైజుకు తిరిగి వస్తే ఆ 10 శాతం వెనక్కి వస్తుంది.

5. బరువు: 5 అడుగులు ముందుకు వెళితే 1 అడుగు ఎత్తు పెరిగే బాటలో, ప్రతి 100 కిలోల బరువుకు దాదాపు 20 కిలోల అదనపు లాగుడు కావాలి. ముందూ వెనకా బిగించిన ఇనుప గార్డులు, అవసరం లేని సామాను కలిపి 150 కిలోలు తీసేస్తే 30 కిలోల లాగుడు ఆదా అవుతుంది. ఆర్‌సీలో రాసిన బరువు మించి బస్తాలు వేయకూడదు.

ఇంజన్ బలం ఎక్కడ పోతుంది?

ఎయిర్ ఫిల్టరు: ఎర్రమట్టి బాటల్లో తిరిగే బండికి ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. నూర్పిళ్ల కాలంలో ఊక, దుమ్ము మరీ ఎక్కువ. గాలి అందకపోతే పెట్రోల్ సరిగా కాలదు, నల్లపొగ వస్తుంది. కాగితం ఫిల్టరును లోపలి నుంచి బయటికి తక్కువ గాలితో ఊదాలి. చిరిగినా, నూనె పట్టినా మార్చాలి. ఫిల్టరు లేకుండా నడిపితే పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ లోపలికి వెళ్లిన దుమ్ము సిలిండర్‌ను, రింగులను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

స్పార్క్ ప్లగ్గులు: నాలుగూ విప్పి వరుసగా పెట్టి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ వస్తోంది. నూనె తడి ఉంటే రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. తెల్లగా మాడినట్టు ఉంటే పెట్రోల్ తక్కువగా వస్తోంది లేదా ఇంజన్ వేడెక్కుతోంది. 1298 సి.సి. ఇంజన్‌కు ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. ప్లగ్ వైర్లు పగిలినా, డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండ్లలో దాని మూత లోపల తడి చేరినా ఒక సిలిండర్ పనిచేయడం మానేస్తుంది. నాలుగింటిలో ఒకటి ఆగితే బలంలో కనీసం నాలుగో వంతు పోయినట్టే.

టైమింగ్: డిస్ట్రిబ్యూటర్ ఉన్న ఇంజన్లలో స్పార్క్ ఆలస్యంగా పడితే బండి మందకొడిగా లాగుతుంది, వేడెక్కుతుంది. మరీ ముందుగా పడితే ఎత్తులో టకటకమని నాకింగ్ వస్తుంది. నాకింగ్‌తో నడిపితే పిస్టన్లు దెబ్బతింటాయి. చెవితో విని సరిచేయకుండా టైమింగ్ లైటు ఉన్న మెకానిక్ చేత సరిచేయించాలి. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా బలం బాగా పడిపోతుంది. బెల్టు ఎప్పుడు మార్చారో తెలియని పాత బండి కొంటే వెంటనే కొత్తది వేయించడం మేలు.

పెట్రోల్ సరఫరా: ఖాళీగా ఉన్నప్పుడు బాగా నడిచి, ఎత్తులో ఐదారు క్షణాల తర్వాత ఆగిపోతున్నట్టు అయితే పెట్రోల్ ఫిల్టరు, పంపు చూడాలి. ట్యాంకులో తుప్పు, నీరు ఉంటే ఫిల్టరు మార్చినా మళ్లీ మూసుకుపోతుంది. రెండు బ్యారెళ్ల కార్బురేటర్ అయితే రెండో బ్యారెల్ తెరుచుకుంటోందో లేదో చూపించాలి. అది పట్టేస్తే చిన్న వేగంలో ఏ తేడా తెలియదు, బలం కావలసినప్పుడు మాత్రం రాదు.

ట్యాపెట్లు: బిగుతుగా ఉంటే వాల్వులు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది, చివరకు వాల్వులు కాలిపోతాయి. వదులుగా ఉంటే చప్పుడు వస్తుంది, వాల్వు తక్కువగా తెరుచుకుంటుంది. కంపెనీ చెప్పిన కొలతకు ఫీలర్ గేజీతోనే పెట్టించాలి.

సైలెన్సర్: రాయి తగిలి గొట్టం నొక్కుకుపోయినా, లోపలి రేకులు తుప్పుపట్టి ఊడి అడ్డుపడినా పొగ బయటికి పోదు. ఎంపీఎఫ్ఐ బండ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. వేగం పెంచే కొద్దీ ఇంజన్ బిగుసుకుపోతున్నట్టు ఉంటే దీన్ని అనుమానించాలి.

వేడి: రేడియేటర్ రెక్కల్లో గడ్డి, బురద చేరితే ఇంజన్ వేడెక్కి బలం తగ్గుతుంది. లోపలి వైపు నుంచి ముందుకు నీళ్లతో మెల్లగా కడగాలి. వేడి తగ్గుతుందని కొన్నిచోట్ల థర్మోస్టాట్ తీసేస్తారు. అలా చేస్తే ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు.

కంప్రెషన్ పరీక్ష: అసలు నిర్ణయం ఇక్కడే

పై పనులన్నీ చేసినా బండి లాగకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. ఇంజన్‌ను వేడిచేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, స్పార్కును, పెట్రోల్‌ను ఆపి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టి, సెల్ఫ్ కొట్టి ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలుస్తారు. బ్యాటరీ బాగా చార్జింగుతో ఉండాలి.

1298 సి.సి. కార్బురేటర్ ఇంజన్‌లో బాగున్న సిలిండర్ చదరపు సెంటీమీటరుకు సుమారు 14 కిలోల ఒత్తిడి చూపుతుంది. గేజీ పీఎస్ఐలో ఉంటే ఇది 200 దగ్గర. 12 కిలోల కంటే, అంటే 170 పీఎస్ఐ కంటే తగ్గితే మరమ్మతు అవసరం. ఏ రెండు సిలిండర్ల మధ్యా 1 కిలో కంటే ఎక్కువ తేడా ఉండకూడదు.

ఒత్తిడి తక్కువగా ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే రింగులు, సిలిండర్ అరిగాయి. పెరగకపోతే వాల్వుల్లో లోపం ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో ఒకేలా తక్కువ ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు.

వాల్వులు మాత్రమే లీకవుతుంటే హెడ్ దించి వాల్వులు గ్రైండింగ్ చేయిస్తే సరిపోతుంది. సిలిండర్ అరిగితే బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేయించాలి. పని అయ్యాక మొదటి 1000 కిలోమీటర్లు బరువు లాగించకూడదు. తర్వాత ఆయిల్, ఫిల్టరు మార్చాలి. సరిగా మరమ్మతు చేసిన పాత ఇంజన్, కొత్తలో ఇచ్చిన బలాన్ని దాదాపుగా తిరిగి ఇస్తుంది. చాలామంది రైతుల అవసరం ఇక్కడితో తీరిపోతుంది.

ఖర్చు లేకుండా దొరికే బలం: లో గేరు

జిప్సీలో గేరుబాక్సుతో పాటు ట్రాన్స్‌ఫర్ కేసు ఉంటుంది. 1298 సి.సి. బండ్లలో దాని హై గేరు నిష్పత్తి 1.409, లో గేరు నిష్పత్తి 2.268. అంటే 4హెచ్ నుంచి 4ఎల్‌కు మారితే చక్రాల దగ్గర లాగే బలం సుమారు 60 శాతం పెరుగుతుంది. ఆ మేరకు వేగం తగ్గుతుంది. ఇంజన్‌కు ఎన్ని మార్పులు చేయించినా ఇంత పెరుగుదల రావడం కష్టం.

ఇదే కుటుంబానికి చెందిన బండిని సుజుకీ సంస్థ అమెరికాలో సమురాయ్ పేరుతో, 1.3 లీటర్ల ఇంజన్‌తో అమ్మింది. అక్కడ రాళ్ల బాటల్లో నడిపేవారు కూడా ట్రాన్స్‌ఫర్ కేసులో ఇంకా తక్కువ వేగపు గేర్లు వేసుకోవడానికి ప్రాధాన్యం ఇస్తారు. చిన్న ఇంజన్‌కు గేర్లే అండ అని వారి అనుభవం కూడా చెబుతోంది.

• 4ఎల్ వేసేటప్పుడు బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి లివర్ మార్చాలి.
• ముందు చక్రాలకు ఫ్రీవీల్ హబ్‌లు ఉంటే అవి లాక్ అయ్యాయో లేదో చూడాలి.
• ఎత్తు మొదలయ్యే ముందే గేరు వేసుకోవాలి. మధ్యలో క్లచ్ తొక్కితే బండి వెనక్కి జారుతుంది.
• దిగేటప్పుడు కూడా 4ఎల్‌లో మొదటి గేరులో దిగాలి. న్యూట్రల్‌లో ఎప్పుడూ దిగకూడదు.
• గట్టి తారు రోడ్డు మీద 4హెచ్, 4ఎల్ వాడకూడదు. గేర్లు, టైర్లు దెబ్బతింటాయి.

కొండ ప్రాంతం, కొత్త పెట్రోల్

అరకు వంటి చోట్ల నేల సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి పలచబడి ఇంజన్ బలం సహజంగానే 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. మైదానంలో బాగా లాగిన బండి ఘాట్ ఎక్కాక కాస్త నెమ్మదిస్తే అది లోపం కాదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. పాత కార్బురేటర్ ఈ తేడాను తనంతట తాను సర్దుకోలేదు కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, పికప్ తగ్గవచ్చు. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఉబ్బి పగిలే అవకాశం ఉంది. పెట్రోల్ కారితే మంటలు అంటుకుంటాయి. పాత గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చించాలి. బండిని నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్‌తో నిలిపి ఉంచకూడదు.

కొత్తగా బలం పెంచే మార్పులు: లాభమెంత, నష్టమెంత?

పెద్ద కార్బురేటర్: ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు కొంత లాభం. తక్కువ చుట్లలో గాలి వేగం తగ్గి పెట్రోల్ సరిగా కలవదు. పొలం బాటలో బండి ఇంకా మందగిస్తుంది, పెట్రోల్ ఖర్చు పెరుగుతుంది.

క్యామ్‌షాఫ్ట్ మార్పు: పందేల బండ్లకు వాడే క్యామ్ బలాన్ని పై చుట్లకు తీసుకెళుతుంది. రైతుకు కావలసింది కింది చుట్ల బలం. అందువల్ల ఇది పొలం పనికి నప్పదు.

హెడ్ కోయించడం: కంప్రెషన్ పెరిగి కొద్దిగా బలం వస్తుంది. ఎక్కువ కోస్తే నాకింగ్ వస్తుంది, వాల్వులకూ పిస్టన్లకూ మధ్య ఖాళీ తగ్గుతుంది. హెడ్ వంగినప్పుడు చదును చేయించడానికి మించి కోయించవద్దు.

ఎగ్జాస్ట్ హెడర్లు: ఉన్న సైలెన్సర్ బాగుంటే వీటితో వచ్చే లాభం స్వల్పం. చప్పుడు పెరగడాన్ని బలం పెరిగినట్టు అనుకోకూడదు.

టర్బో: అరిగిన పాత ఇంజన్‌కు అసలు పనికిరాదు. పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్, క్లచ్, రేడియేటర్ ఏవీ ఆ ఒత్తిడికి తయారైనవి కావు.

ఇంజన్ మార్పిడి: 970 సి.సి. తీసి 1298 సి.సి. వేస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే ఇంజన్‌తో పాటు గేరుబాక్సు, వైరింగు, రేడియేటర్, బ్రేకుల సంగతీ చూడాలి. ఖర్చంతా లెక్కవేస్తే, మొదటి నుంచి 1298 సి.సి. ఉన్న మరో బండి కొనడమే చవక కావచ్చు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇంజన్ మార్చాలనుకుంటే ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకుని, తర్వాత ఆర్‌సీలో నమోదు చేయించాలి. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ సమయంలో తనిఖీ జరుగుతుంది. నమోదు కాని ఇంజన్ అక్కడ బయటపడుతుంది. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర కూడా చిక్కులు వస్తాయి. కూలీలను ఎక్కించుకుని తిరిగే రైతు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

గుర్తుంచుకోవాల్సిన వరుస

1. ఎక్సలేటర్ వైరు, బ్రేకులు, క్లచ్, టైర్ల సైజు, బరువు చూడండి.
2. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టరు, గొట్టాలు సరిచేయండి.
3. టైమింగ్, ట్యాపెట్లు, కార్బురేటర్ కొలతల ప్రకారం పెట్టించండి.
4. ఎత్తులో, బురదలో 4ఎల్ వాడటం అలవాటు చేసుకోండి.
5. అప్పటికీ లాగకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించి, అంకెలు కాగితం మీద రాయించుకోండి.
6. ఆ అంకెలు చూశాకే హెడ్ పనో, బోరు పనో చేయించండి.
7. ఇంజన్ మార్పు ఆలోచన చివరన, అనుమతితో మాత్రమే చేయండి.

కంప్రెషన్ అంకెలు చూడకుండా ఇంజన్ విప్పుదామనే మెకానిక్‌కు బండి అప్పగించవద్దు. భూసార పరీక్ష లేకుండా ఎరువు వేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.